మన వైపు నున్నటి గోడ

జనవరి 11

అన్నయ్యకి,

ఫోన్ చేస్తే మూడో నిమిషానికల్లా మన మాటలు కేకలవుతున్నాయనీ, ఇకమీదట ఏమున్నా కాగితం మీద తిట్టుకోమనీ వదిన తీర్పు ఇచ్చింది కదా. అందుకే ఈ ఉత్తరం. మొదటి విడత నాది.

నేను స్టూడియో మానేసి నాలుగు నెలలైంది. ఇరవై ఏళ్లు గుర్తింపు కార్డులకు ఫొటోలు తీశాను. ‘గడ్డం కొంచెం పైకి. నవ్వకండి.’ ఈ రెండు ముక్కలతోనే సగం జీవితం గడిచిపోయింది. ఇప్పుడేం చేస్తున్నానో చెబుతాను. నువ్వు పడీ పడీ నవ్వుతావని తెలిసే చెబుతున్నాను.

రోడ్డు వెడల్పు చేయడానికి మన పాత వీధిలో ఒక వరస ఇళ్లన్నీ పడగొట్టారు. వెనక సందులోని ఇళ్లకు ఆనుకుని ఉన్న గోడలు మాత్రం అలాగే నిలబడి ఉన్నాయి. వెళ్లి చూస్తే ఒక్కో గోడ మీద ఒక్కో సంసారం అచ్చు పడి ఉంది. పడకగది ఉన్నచోట నీలం రంగు చదరం, వంటగది ఉన్నచోట పొగ మరక, మెట్లు ఎక్కిన దారంతా వంకర టింకర గీత. గదుల్లేవు, గదుల రంగులున్నాయి. ఆ గోడల ముందు పరంజా కట్టించి, ఆ ఇళ్లలో ఉన్నవాళ్లని పిలిపించి, వాళ్లు రోజూ కూర్చున్న చోటే, అంతే ఎత్తులో మళ్లీ కూర్చోబెట్టి ఫొటో తీస్తున్నాను.

ఒకటి దీంతో పంపుతున్నాను. ఈవిడ రిటైరైన హెడ్ నర్సు. మేడ మీద ఆవిడ మంచం ఉన్న చోటే, గాల్లో, కుర్చీ వేసుకుని తల దువ్వుకుంటోంది. కింద లారీలు పోతున్నాయి. ఆవిడ నాతో ఏమందో తెలుసా? “ముప్ఫై ఏళ్లు ఈ గదిలో ఉన్నానమ్మా, ఇంత గాలి ఎప్పుడూ రాలేదు.”

మార్చిలో లైబ్రరీ హాల్లో ప్రదర్శన. నవ్వడం అయ్యాక జవాబు రాయి.

నీ చెల్లెలు

జనవరి 19

చెల్లాయికి,

నవ్వడం అయింది. వదిన కూడా నవ్వింది, కాకపోతే పక్క గదిలోకి వెళ్లి నవ్వింది. ఆవిడకి మర్యాద ఎక్కువ.

నేను ముప్ఫై అయిదేళ్లుగా తాపీ పట్టుకుని బతుకుతున్నాను. కట్టిన గోడని జనం మెచ్చుకోవడం చూశాను, కూలిన గోడని తిట్టడం చూశాను. కూలగా మిగిలిన గోడకి కుర్చీ వేసి మర్యాద చేయడం మాత్రం నీ దగ్గరే చూశాను. ఇదేదో కొత్త చదువనుకుంటాను. ఇటుక పట్టుకోవడం రానివాళ్లకి గోడల మీద ఇంత ప్రేమ ఎలా పుడుతుందో నాకెప్పటికీ అర్థం కాదు. అద్దె ఇళ్లలో ఉండేవాళ్లకే సొంతిళ్ల గురించి కబుర్లు ఎక్కువ, అలాంటిదేమో ఇది.

అది సరే. ఆ పరంజా కట్టిన మహానుభావుడెవరు? ఫొటోని భూతద్దం పెట్టి చూశాను. పలకలు కర్రలకి కట్టలేదు, ఊరికే పరిచి వదిలేశాడు. ఏటవాలు కర్ర ఒక్కటీ లేదు. కింద కాళ్లు మట్టిలో దిగబడి ఉన్నాయి. నర్సమ్మగారు జారిపోయిన దువ్వెన కోసం పక్కకి వంగిందంటే నీ కళ అక్కడితో ముగుస్తుంది, ఆవిడ వైద్యం అక్కడినుంచి మొదలవుతుంది. పలకలకి రెండు చివర్లా కట్లు వేయించు. కాళ్ల కింద మందపాటి చెక్కలు పెట్టించు. ఇది సలహా కాదు, ఆజ్ఞ.

ఇంకో మాట. ఆ వరసలో మన ఇంటి గోడ కూడా ఉంటుంది. దాని జోలికి పోకు. అక్కడ చూడ్డానికేమీ లేదు.

వదిన నిన్ను అడిగానని రాయమంది. రాశాను.

అన్నయ్య

ఫిబ్రవరి 2

అన్నయ్యకి,

పలకలు కట్టించాను. నీ ఆజ్ఞకి భయపడి కాదు, నర్సమ్మగారి బరువు చూసి. ఆవిడ తర్వాత ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు, ఒకప్పుడు ఒకే గదిలో పడుకునేవాళ్లు. గాల్లో కూర్చుని కూడా కిటికీ పక్క ఎవరిదని పోట్లాడుకున్నారు. అక్కడ కిటికీ లేదు. గది కూడా లేదు. పోట్లాట మాత్రం చెక్కుచెదరలేదు.

చూడ్డానికేమీ లేదని నువ్వన్నావు కాబట్టి మర్నాడే మన గోడ దగ్గరికి వెళ్లాను. నీ మాట మీద నాకున్న గౌరవం అలాంటిది.

మన వెనకగది ఆకుపచ్చ గుర్తుందా? ఎండకి వెలిసిపోయింది. బీరువా ఉన్నచోట మాత్రం నిన్న వేసినట్టుంది. ఆ పచ్చ గోడ మధ్యలో తలుపంత మేర రంగు లేదు, వెల్ల కూడా వానలకి కారిపోయి ఇటుకలు బయటపడ్డాయి. అది పెదనాన్న, దొడ్డమ్మ వాళ్లింటికి వెళ్లే తలుపు.

నీకు అప్పటికే ఇరవై ఒకటి, నీకది ఒక తలుపు మాత్రమే. నాకు తొమ్మిదేళ్లు. బడికి వెళ్లేముందు ఆ తలుపు దాటి దొడ్డమ్మ దగ్గర జడ వేయించుకుంటేనే నాకు తెల్లారినట్టు. వాళ్లమ్మాయీ (బొంగరం అని పిలిచేవాళ్లం దాన్ని) నేనూ ఆ గడప మీద కూర్చుని గంటలు గంటలు ఆడుకునేవాళ్లం. ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి తలుపు లేదు. “మీ పెదనాన్న మూసేశాడు. అటువైపు ఇక మనకెవరూ లేరు” అన్నాడు నాన్న. వాళ్లిద్దరూ పనిచేసే ప్రెస్సులో కాగితాలు కోసే మిషను మీద ఎవరికో వేళ్లు తెగితే, నాన్న చేయని తప్పుకి పెదనాన్న ఆయన మీద సాక్ష్యం చెప్పి ఉద్యోగం పీకించాడు. అది చాలక తలుపు కూడా మూసుకున్నాడు. సొంత అన్న! వేరే వీధిలో ఉన్నవాళ్లైనా ఇంత పని చేయరు.

ఫొటో తీశాను. కుర్చీ లేదు, మనిషి లేడు, గోడ ఒక్కటే. కింద ‘పెదనాన్న మూసిన తలుపు’ అని రాయబోతున్నాను. ఈ మొత్తం ప్రదర్శనకి ఇదే తలమానికం అంటున్నాడు లైబ్రేరియన్. అదీ, ఆ అన్నదమ్ములదీ దీంతో పంపుతున్నాను. చూడు, చూసి ఒప్పుకో.

చెల్లి

ఫిబ్రవరి 8

చెల్లాయికి,

చూశాను. ఒప్పుకోను.

వెలుగు బాగాలేదు. గోడ ఒక పక్కకి ఒరిగినట్టు వచ్చింది. ఇంత ఇటుక ముక్కకి అంత పేరు అనవసరం. ఇంటి గొడవలు లైబ్రరీలో వేలాడదీయడానికి మనమేమైనా సర్కస్ కంపెనీయా? చదువుకోవడానికి వచ్చినవాళ్లు మన పెదనాన్న సంగతి చదువుకుని వెళ్లాలా?

ఆ అన్నదమ్ముల ఫొటో పెద్దది చేసి పెట్టుకో, అది బాగుంది. (ఇది మెచ్చుకోలు. ఇంకోటి వస్తుందని ఎదురుచూడకు.) ఆ తలుపు ఫొటో మాత్రం తీసెయ్.

అన్నయ్య

ఫిబ్రవరి 16

మేస్త్రీగారికి,

ఫొటోల్లో వెలుగు గురించి మీరు చెప్పడం బాగుంది. మీరు పైకప్పు వేసిన డాక్టరుగారి ఇంట్లో వానాకాలం గొడుగు పట్టుకుని అన్నం తింటారట, ఆ సంగతి మీరు చూసుకోండి.

మొదటిసారి కెమెరా కొనుక్కుని ఇంటికి తెచ్చినప్పుడు నువ్వేమన్నావో మర్చిపోయాననుకున్నావా? “దీంతో ఏం చేస్తావే, నీ మొహం నువ్వే తీసుకుంటావా?” అన్నావు. అప్పుడూ అదే నవ్వు, ఇప్పుడూ అదే నవ్వు. నేను చేసే పని నీకు పరువు తక్కువ. అది సూటిగా చెప్పలేక వెలుగనీ సర్కస్సనీ నీళ్లు నములుతున్నావు. సరే, నీ పరువు జాగ్రత్తగా సున్నం వేసి దాచుకో. ఫొటో తీసేయను. గుమ్మంలోకి రాగానే కనపడేలా మొట్టమొదట పెడతాను.

ఇంకా విను. వెనక సందులోకి వెళ్లి, పెదనాన్న అమ్మేసిన ఆ ఇంట్లో ఇప్పుడున్న గడియారాల రిపేరు ఆయన్ని కలిశాను. మంచివాడు. లోపలికి తీసుకెళ్లి చూపించాడు. అన్నయ్యా, అటువైపు ఆ తలుపు చెక్క ఇంకా ఉంది! గడియ కూడా ఉంది. తలుపు తీస్తే ఎదురుగా ఇటుకలు. మధ్య ఉన్న జానెడు జాగాలో బల్లలు కొట్టుకుని పాత గడియారాలు పెట్టుకున్నాడు.

ఆ ఇటుకల ఫొటో కూడా తీశాను, ఇందులో ఉంది. ఎంత అసహ్యంగా ఉందో నువ్వే చూడు. ఇటుకల మధ్య నుంచి సిమెంటు మాలు ముద్దలు ముద్దలుగా బయటికొచ్చి అలాగే గట్టిపడిపోయింది. తుడవలేదు, గీకలేదు, పైన ఇంత వెల్ల కూడా కొట్టలేదు. మన వైపు చూస్తేనేమో అద్దంలా నున్నగా ఉంది. అంటే మనకి కనపడే వైపు మంచివాడిలా దిద్దించి, తన ఇంటివైపు ఎలా ఉంటే నాకేం అని వదిలేశాడన్నమాట. మనసులో ఉన్నది గోడ మీద ఎలా బయటపడిందో! ఈ రెండు ఫొటోలూ పక్కపక్కన పెడుతున్నాను.

ఇట్లు,
పరువు తీసే చెల్లెలు

ఫిబ్రవరి 23

చెల్లాయికి,

రెండో ఫొటో అసలు పెట్టకు. మొదటిదీ పెట్టకు. దొడ్డమ్మ బతికే ఉంది. ఎనభై దాటిన మనిషి. కూతురి దగ్గర ఉంటోంది, మన ఊళ్లోనే. ఆవిడ కంట పడితే ఏమవుతుందో ఆలోచించు.

నీ కళ సంగతి నాకక్కర్లేదు. ఒక్కసారి నా మాట విను. వినకపోతే ప్రదర్శనకి నేను రాను. నువ్వూ నా గుమ్మం తొక్కనక్కర్లేదు.

అన్నయ్య

మార్చి 14

అన్నయ్యకి,

నీ గుమ్మం తొక్కకుండా ఉత్తరం పంపుతున్నాను. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా వెళ్లి చూడని దొడ్డమ్మ మీద నీకు ఉన్నట్టుండి పుట్టుకొచ్చిన ప్రేమకి ముచ్చటేసింది. అయినా నేను ఫొటోలు తీసేయలేదు. మొన్న ఆదివారం ప్రదర్శన మొదలైంది.

నర్సమ్మగారు కొత్త చీర కట్టుకుని వచ్చి, తన ఫొటో ముందు నిలబడి వచ్చినవాళ్లందరికీ రక్తపోటు గురించి చెప్పింది. ఆ అన్నదమ్ములు వేర్వేరుగా వచ్చారు. మునిసిపల్ ఇంజనీరు వచ్చి, “గోడలు ఇంత బాగుంటాయని తెలిస్తే ఇంకొన్ని పడగొట్టేవాళ్లం కదండీ” అన్నాడు. హాస్యమట. నవ్వాను, హాలు వాళ్లదే కదా.

నాలుగింటికి దొడ్డమ్మ వచ్చింది.

బొంగరం చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. ఎవరు చెప్పారో తెలీదు. సరాసరి ఆ ఫొటోల ముందుకే వెళ్లింది. కింద రాసింది బొంగరం చదివి వినిపించింది. వినిపించి నావైపు తిరిగి, “నాలుగు మాటలు రాయాలంటే నలభై అబద్ధాలు కావాలా నీకు?” అంది. హాలంతా మావైపే చూస్తోంది. నాకూ ఒళ్లు మండింది. “మూసినవాళ్లకి లేని సిగ్గు రాసినవాళ్లకెందుకు?” అన్నాను.

దొడ్డమ్మ మాత్రం కళ్లజోడు పైకెత్తుకుని రెండో ఫొటోకి మొహం ఆనించినట్టు పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత నన్ను దగ్గరికి పిలిచింది. నేను వెళ్లలేదు. ఆవిడే వచ్చింది. “ముద్దలు ఎటువైపున్నాయో ఫొటో తీశావు. ఎందుకున్నాయో తెలుసుకోలేదు. మీ అన్నని అడుగమ్మా, గోడల సంగతి వాడికి బాగా తెలుసు” అంది. కోపంగా అనలేదు. అదే నన్ను తినేస్తోంది.

వాళ్లు వెళ్లిపోయాక ఇంటికొచ్చి నీ ఉత్తరాలన్నీ మళ్లీ చదివాను. వెలుగు బాగాలేదంటావు, ఒరిగిందంటావు, దొడ్డమ్మ అంటావు. ఎక్కడా ‘పెదనాన్న మూశాడు’ అని ఒక్క ముక్క లేదు.

అడుగుతున్నాను. ముద్దలు అటువైపు ఎందుకున్నాయి?

చెల్లి

మార్చి 20

చెల్లాయికి,

గోడ కట్టేవాడు ఏ వైపు నిలబడతాడో ఆ వైపు సందులు తుడుచుకుంటాడు, తాపీతో నున్నగా దిద్దుకుంటాడు. అవతలి వైపుకి చెయ్యి అందదు. ఇటుక నొక్కినప్పుడు అటువైపుకి పొంగిన మాలు అలాగే ముద్దగా గట్టిపడుతుంది. పనిలో చేరిన వారానికే ఏ కూలీకైనా తెలిసే సంగతి ఇది. నువ్వు ఆ రెండు ఫొటోలూ పంపావు. ముప్ఫై నాలుగేళ్లుగా నేను దాచింది నువ్వు కాగితం మీద ఎక్కించావు. ఎక్కించీ చదవలేకపోయావు.

ఆ గోడ కట్టింది మన వైపు నుంచి. కట్టింది నేను. కట్టించింది నాన్న.

ప్రెస్సులో తప్పు నాన్నదే. పని తొందరగా అవుతుందని చేతులు లోపలికి పోకుండా మిషనుకి అడ్డంగా ఉండే కమ్మీ తీసేసింది ఆయనే. కుర్రవాడికి రెండు వేళ్లు పోయాయి. విచారణలో పెదనాన్నని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. నాన్న ఇంటికొచ్చి మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నాలుగో రోజు పొద్దున నన్ను పిలిచి, “పని నేర్చుకున్నానంటున్నావుగా, ఆ తలుపు మూసి చూపించు” అన్నాడు.

అప్పటిదాకా మేస్త్రీ వెనక అందించడమే తప్ప నా చేత్తో పూర్తిగా ఒక గోడ కట్టలేదు. సిగ్గులేకుండా చెబుతున్నాను, నాకు సంతోషమేసింది. వరస తప్పకూడదని దారం కట్టాను. ప్రతి సందూ వేలితో దిద్దాను. ఈల కూడా వేశాను.

పెదనాన్న ప్రెస్సులో ఉన్నాడు, బొంగరం బళ్లో ఉంది. చప్పుడు విని దొడ్డమ్మ అటువైపు తలుపు తీసింది. అప్పటికి గోడ నడుమెత్తు లేచింది. “ఏం చేస్తున్నావురా?” అంది. నేను పలకలేదు. నా వెనక కుర్చీలో నాన్న కూర్చుని ఉన్నాడు. ఆవిడ ఇంకేమీ అడగలేదు, అక్కడే నిలబడింది. గోడ ఆవిడ మెడ దాకా వచ్చింది, కళ్ల దాకా వచ్చింది. రెండు వరసలు మిగిలాయనగా పైసందులోంచి చెయ్యి పెట్టి గ్లాసుడు నీళ్లిచ్చింది. “ఎండగా ఉంది, తాగు” అంది. తాగాను. గ్లాసు వెనక్కిచ్చి మిగిలిన రెండు వరసలూ పూర్తిచేశాను.

సాయంత్రం నువ్వు బడి నుంచి వచ్చావు. నాన్న నీతో ఏం చెప్పాడో విన్నాను. కాదనలేదు. అప్పుడు నాన్నంటే భయం. ఆయన పోయాక భయం పోయింది, సిగ్గు మొదలైంది. అమ్మ పోయినప్పుడు దొడ్డమ్మ చూడ్డానికి వస్తే, “గోడలు కట్టుకునేవాళ్లకి మా వాకిలితో పనేంటి?” అన్నావు గుర్తుందా? నేను నీ పక్కనే నిలబడి ఉన్నాను. ఆవిడ నావైపు చూసింది. ఒక్క మాట చాలు అప్పుడు. నేను చెప్పుల వంక చూసుకుంటూ నిలబడ్డాను.

నీ ఫొటోల మీద నవ్వింది నిజమే. మొదటి దాని మీద నవ్వు మామూలు నవ్వు. తర్వాతవి నవ్వులు కావు.

అన్నయ్య

మార్చి 26

నీకు,

ఏమని పిలవాలో తెలియక ఊరికే ‘నీకు’ అని రాశాను.

ఆ సాయంత్రం నేను పుస్తకాల సంచీతో వచ్చేసరికి నువ్వు పెరట్లో చేతులు కడుక్కుంటున్నావు. గోళ్ల సందుల్లో సిమెంటు గీకుతున్నావు. నేను ఏడుస్తూ వచ్చి నిన్నే పట్టుకున్నాను. “ఊరుకో, ఊరుకో” అన్నావు. ఆ తడి చేతులతోనే నా తల నిమిరావు. ఎంత గొప్ప నటుడివి! మేస్త్రీ పని ఎందుకు చేశావో, ఏ నాటకాల కంపెనీలోనో చేరాల్సింది.

పెదనాన్న పోయాడని తెలిస్తే నేను వెళ్లలేదు. బజార్లో బొంగరం ఎదురైతే రోడ్డు దాటి అవతలి పక్కకి పోయేదాన్ని. ముప్ఫై నాలుగేళ్లు నేను కష్టపడి, ఒళ్లు దాచుకోకుండా, శ్రద్ధగా ఒక మంచి మనిషిని అసహ్యించుకున్నాను. అదంతా నువ్వు పక్కన నిలబడి చూశావు. వాకిట్లో ఆ ముసలావిడ మొహం మీద నేనన్న మాటకి ఎవరిని నిందించాలి? నాన్ననా? ఆయన లేడు. నీ దగ్గరికే రావాలి.

నవ్వొచ్చేదేమిటంటే, నేను కూడా తక్కువేం తినలేదు. ఇరవై ఏళ్లు మొహాలు చూసి బతికినదాన్ని, ఎదురుగా ఉన్న గోడ చూడ్డం రాలేదు. చూడ్డం వచ్చినట్టు ఊరందరికీ ఫొటో కట్టి చూపించాను.

కింద రాసిన చీటీ చింపేశాను. ఫొటోలు అలాగే ఉన్నాయి, వాటి కింద ఇప్పుడు ఖాళీ. అక్కడ ఏం రాయాలో నువ్వే రాసి పంపు, నీ చేత్తో, నీ కోడికాళ్ల అక్షరాల్తోనే. అందరూ చదవాలి. దానికి ముందు దొడ్డమ్మ దగ్గరికి వెళ్లు. నన్ను వెంట తీసుకెళ్లకు. నా వంతు మాట నేను వేరే చెప్పుకుంటాను, నీ వీపు చాటున నిలబడి కాదు.

వదినకి ఈ ఉత్తరం చూపించు. పక్క గదిలోకి వెళ్లి నవ్వమని చెప్పు.

చెల్లెలు

ఏప్రిల్ 17

చెల్లాయికి,

వదిన నవ్వలేదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు బస్సెక్కించింది.

మూడో అంతస్తు. మెట్లు ఎత్తు ఎక్కువ, ఎవడో బుద్ధిలేనివాడు కట్టాడు. బొంగరం తలుపు తీసి, నన్ను పైనుంచి కిందికి చూసి, “అమ్మా, మేస్త్రీగారొచ్చారు. మనింట్లో కట్టించుకునే పనులేమీ లేవే!” అని లోపలికి కేకేసి, నన్ను గుమ్మంలోనే నిలబెట్టి వెళ్లిపోయింది. రమ్మన్నట్టో పొమ్మన్నట్టో తెలియలేదు. రమ్మన్నట్టే అనుకున్నాను.

దొడ్డమ్మ కిటికీ దగ్గర పేపరు చదువుతోంది. “కూర్చో” అంది. కూర్చోకుండానే మొదలుపెట్టాను. దారంతా అనుకుంటూ వెళ్లిన మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. నాన్న కట్టమన్నాడని, కట్టానని, చెల్లికి చెప్పలేదని, అమ్మ పోయినప్పుడు కూడా నోరు విప్పలేదని చెప్పాను. నీకు రాసింది ఎంత పొడుగుందో అక్కడ చెప్పింది అంత పొట్టి.

ఆవిడ పేపరు మడిచింది. “ఇదంతా నాకు తెలియంది ఎక్కడుందిరా? నేను అటువైపే నిలబడ్డానుగా” అంది.

“తెలుసు దొడ్డమ్మా. అయినా...”

“మరి ఇన్నాళ్లూ ఏం చేశావు? ఊళ్లో అందరి ఇళ్లకీ గుమ్మాలు పెట్టావు. మా గుమ్మం ఎక్కడానికి తీరలేదా?”

ఆవిడ కోపమంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. ఇంకా తిడితే బాగుండనిపించింది.

తర్వాత తనే చెప్పింది. ఆ సాయంత్రం పెదనాన్న ప్రెస్సు నుంచి వచ్చి తలుపు తీసి చూశాడట. ఆవిడ ఏడుస్తుంటే ఆయన వేలితో వరసలు తడిమి చూసుకుంటూ, “మట్టం తప్పలేదే వీడు!” అన్నాడట. వెల్ల వేయిద్దామని ఆవిడ ఎన్నిసార్లు అడిగినా వద్దన్నాడట. ఎవరైనా చుట్టాలొస్తే ఆ తలుపు తీసి ఇటుకలు చూపించేవాడట. “మా తమ్ముడి కొడుకు కట్టిన మొదటి గోడ. ఇటువైపు ముద్దలున్నాయి గానీ, అటు నుంచి చూస్తే నున్నగా ఉండి ఉంటుంది” అనేవాడట. ఆయన ఆ నున్నటి వైపు ఎప్పుడూ చూడలేదు చెల్లాయ్. నీ మొదటి ఫొటోలో దాన్ని దొడ్డమ్మ చూసింది, ఆయన చూడలేదు.

నేను ఏడ్చాను. యాభై అయిదేళ్లవాణ్ణి, కుర్చీ పట్టుకుని ఏడ్చాను. దొడ్డమ్మ ఓదార్చలేదు, పేపరు మళ్లీ విప్పుకుంది. ఏడవడం అయ్యాక, “మొహం కడుక్కో, ఆ పక్కన” అంది.

నీ గురించి అడిగింది. జడ ఇప్పటికీ వంకరగానే వేసుకుంటోందా అంది. తెలియదన్నాను. నీ మాట నువ్వు వేరే చెప్పుకుంటానన్నావని చెప్పాను. “చెప్పుకోనీ, కాస్త పొగరు తగ్గించుకుని రమ్మను” అంది.

చీటీ దీంతో పంపుతున్నాను. నాలుగు సార్లు రాసి చింపాను. చివరికి ఇంతే మిగిలింది: ‘ఈ తలుపు మా పెదనాన్న మూయలేదు. మా నాన్న చెబితే నేను మూశాను. మా చెల్లికి అబద్ధం చెప్పాం.’ కింద సంతకం పెట్టాను. అక్షరాలు కోడికాళ్లే, మార్చకు. ఊళ్లో నాకు పనిచ్చేవాళ్లలో సగం మంది ఆ లైబ్రరీకి వస్తారు, చదవనీ.

వచ్చేటప్పుడు బొంగరం మెట్ల దాకా వచ్చింది. సాగనంపడానికేమో అనుకున్నాను. “మా అమ్మ మాట్లాడింది కదా అని నేనూ మాట్లాడతాననుకోకు. ఈసారి ఎప్పుడొస్తావో ముందే చెప్పు, ఆ రోజు నేనింట్లో ఉండను” అంది.

ఆదివారం వస్తానని చెప్పి దిగాను. ఏ ఆదివారమని అడిగింది. అన్ని ఆదివారాలూ అన్నాను.

అన్నయ్య